పేడ పూసిన దుంగలు

కట్టె కొసలకు పేడ పూసి ఉండటం కనిపిస్తే నాకు ఇప్పటికీ ఆ బస్సే గుర్తొస్తుంది. అడవుల్లోని నక్సలైట్ అన్నల కోసం పోలీసులు ఊరూరా వెతుకుతున్న రోజులవి. కోరుట్ల దాటగానే బస్సు ఆపి అందరినీ దింపారు. నా పక్క సీటు ముసలాయన సంచిని ఒక జవాను ఎండలో కుమ్మరించాడు. పచ్చి వేప దుంగలు దొర్లాయి.

"కొసలకు గీ పేడేంది?" అన్నాడు జవాను.

"కట్టె జల్ది ఎండితే పగుల్తది సారు. ఏడాది నీడకు పెట్టి, గప్పుడు తరిమెన మీద తిప్పి, నున్నగ చెక్కి తొట్టెలకు కోళ్లు చేస్త."

"మనుమడా, మనుమరాలా?"

"బిడ్డకు ఇంక పెండ్లే కాలే సారు."

సాయంత్రానికి ఇల్లు చేరతామన్న నమ్మకం మాలో ఎవరికీ లేదు. జవాను నవ్వలేదు. తుపాకీ భుజానికి తగిలించుకుని, వంగి, దుంగలను ఒక్కొక్కటిగా బస్సు నీడలోకి జరిపాడు.