ఎర్రదారం చుట్టిన కుంచెలు

ఇన్నేళ్లూ ఒక మాట గొంతులో పెట్టుకొని తిరిగాను. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

కోదాడలో లారీల మీదా గోడల మీదా అక్షరాలు రాసి బతికినవాణ్ణి. కుంచె పట్టడం నేర్పింది దావీదన్న. మిర్యాలగూడ రైసుమిల్లుల గోడల మీద, మేళ్లచెరువు సిమెంటు లారీల మీద మా ఇద్దరి రాతా పక్కపక్కనే ఉండేది. సన్నగీతకు ముంగిస వెంట్రుకల కుంచెను మించింది లేదు. ప్రభుత్వం వాటిని నిషేధించిందని తెలిసిన రోజే దావీదన్న మానేశాడు. నైలాన్ కుంచెను తిట్టుకుంటూనే దానితో రాసేవాడు. నేను మానలేదు. సూర్యాపేటలో ఒకాయన చాటుగా ఇచ్చేవాడు. తోక వెంట్రుకలు కత్తిరిస్తారంతే, చంపరు అని నాకు నేనే చెప్పుకున్నాను. బతికున్న ముంగిస తోక ఎవడి చేతికి చిక్కుతుంది? వల వేసి, కర్రలతో కొట్టి చంపుతారని నాకు తెలియదా? తెలుసు.

ఒకసారి అటవీశాఖ వాళ్లు మాకు గోడరాత పని ఇచ్చారు. వన్యప్రాణులను చంపినా, వాటి చర్మం, గోళ్లు, వెంట్రుకలు అమ్మినా కొన్నా నేరమని రాయాలి. అందులో 'వెంట్రుకలు' అన్న మాటకు అంచు గీసింది నేనే, ముంగిస కుంచెతో. నవ్వుకున్నాను కూడా. సిగ్గులేని నవ్వు.

చివరి వరుస రాస్తుండగా జీపు ఆగింది. కొత్తగా వచ్చిన ఆఫీసరు దిగి, గోడ ఆ కొస నుంచి చదువుకుంటూ వస్తున్నాడు. దావీదన్న టీ తేవడానికి పోయాడు. నా కుంచెల కట్ట చేతికందిన సామాన్ల డబ్బాలో పడేశాను. చేతికందింది అంటున్నాను చూశారా, ఇప్పటికీ. అది దావీదన్న డబ్బా అని తెలిసే పడేశాను.

'వెంట్రుకలు' అన్న మాట దగ్గర ఆగి, ఆఫీసరు మా రెండు డబ్బాలూ తెరిపించాడు. కట్ట బయటపడే వేళకు దావీదన్న టీ గ్లాసులతో వచ్చాడు. ప్రతి కుంచె పిడికీ ఎర్రదారం చుట్టి ఉంది. పట్టు జారకుండా నేను చుట్టుకునే దారం. దావీదన్న దారం వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"ఎవరివి ఇవి?"

"నా డబ్బాల దొరికినయి గద సార్, నావే అనుకోండి."

"నీకేమన్న తెలుసా?" ఆఫీసరు నన్నడిగాడు.

"తెల్వద్ సార్. నేను నైలాన్‌వే వాడుత."

దావీదన్నను జీపు ఎక్కించారు. జైలు, బెయిలు, ఆ తర్వాత ఏళ్ల తరబడి వాయిదాలు. కేసున్న మనిషికి గోడ ఎవరిస్తారు? ఆయన మళ్లీ కుంచె పట్టలేదు. నేను మాత్రం రాస్తూనే ఉన్నాను. అప్పటికి నా బిడ్డ పుట్టి మూడు వారాలు. పసిగుడ్డు మొహం చూసే, ఆయన ఆ నేరం తన మీద వేసుకున్నాడని చాలాకాలం నమ్మాను. అలా నమ్మితే అన్నం దిగేది. కానీ నావే అనలేదు కదా ఆయన, నావే అనుకోండి అన్నాడు. నేను నోరు తెరవడానికి అంత సందు వదిలి, నా కోసం ఎదురుచూశాడేమో. ఆ తర్వాత ఒక్కనాడూ అడగలేదు. అడిగితే చెప్పేవాడినా? మళ్లీ అబద్ధమే ఆడేవాడినేమో.

మొన్న వానాకాలంలో పోయాడు. సమాధి మీద పేరు నన్నే రాయమంది మరియమ్మ వదిన, ఆయన చేతిరాత నాకే వచ్చునని. నైలాన్ కుంచెతో రాశాను. దీర్ఘం వంకరపోయింది. బాగుందని వదిన కళ్లు తుడుచుకుంది. అప్పుడన్నా చెప్పాల్సింది. రంగు డబ్బా మూత పెట్టుకొని వచ్చేశాను.

ఆమెకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు, వస్తుందని మాట కూడా ఇవ్వలేను. కనీసం ఒక్కసారి, ఎవరో ఒకరి ముందు అనాలి. ఆ కుంచెలు నావి సార్. దావీదన్నవి కావు.