దేవసహాయం కట్టిన కుందేలు ఇల్లు

మా ఆయన దేవసహాయం గోదావరిఖనిలో టింబర్‌మన్. గని లోపల బొగ్గు తవ్విన చోట కప్పు కూలకుండా కట్టె సపోర్టులు నిలబెట్టడం ఆయన పని. భర్త పని గురించి నలుగురిలో తగ్గించి చెప్పుకునే ఆడవాళ్లను చూస్తుంటాను. నాకది చేతకాదు. ఆయన నిలబెట్టిన కప్పు కింద ఇంతవరకు ఒక్క మనిషికి కూడా దెబ్బ తగల్లేదు. ఈ మాట నేను బడిలో తోటి టీచర్లకు చెప్పాను, చర్చిలో చెప్పాను, అడగని వాళ్లకు కూడా చెప్పాను.

ఆయనకో పద్ధతి ఉంది. సపోర్టు బిగించాక చేతికర్రతో కప్పును తట్టి చూస్తాడు. చప్పుడు గట్టిగా వస్తే ముందు తనే వెళ్లి దాని కింద నిలబడతాడు. కాసేపు నిలబడ్డాకే మిగతావాళ్లను పిలుస్తాడు. మా పక్క క్వార్టర్ సదయ్య ఆయన షిఫ్టే. "దేవన్న నిలబడ్డడా అని అడిగినంకనే మేం లోపలికి అడుగు పెడ్తం వదినా," అని నాతో చాలాసార్లు అన్నాడు.

తెలంగాణ రాష్ట్రం రావడానికి కొన్నేళ్ల ముందు, ఒక మార్చి నెలలో, మా ఇంటికి కుందేలు వచ్చింది. మా బడిలో ఒక టీచరు పెంచుకుంటున్న కుందేలు పిల్లలు పెడితే, అందులో ఒకదాన్ని మా అమ్మాయి శాలినికి ఇచ్చింది. తెల్లగా, అరచేతిలో ఇమిడేంత ఉంది. వచ్చీ రాగానే వంటింట్లో ఒరిగి ఉన్న ఖాళీ బియ్యం డబ్బాలో దూరి, ఎంత పిలిచినా బయటికి రాలేదు. బైబిల్లో యోనా చేప కడుపులో కూర్చున్నట్టే కూర్చుందని శాలిని దానికి ఆ పేరే పెట్టింది.

మొదట్లో మామిడిపండ్ల పెట్టెలో ఉంచాం. కాలనీలో పిల్లులకు కొదవ లేదు. ఒకటి రోజూ గోడ మీద కూర్చుని పెట్టె వైపే చూసేది. దానికి తోడు దగ్గర్లోని ఓపెన్‌కాస్టు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా మా అలమరలో గ్లాసులు గలగలమనేవి, యోనా వెనక కాలితో నేలను ఒక్క తన్ను తన్ని మంచం కిందికి ఉరికేది. ఇల్లు తనే కడతానని మా ఆయన అన్నాడు. నేను పశువుల దవాఖానకు వెళ్లి డాక్టరును అడిగి వచ్చాను. కుందేలుకు మనలాగా చెమట పట్టదట, ఎండకు తట్టుకోలేదట, నీడా గాలీ రెండూ ఉండాలని చెప్పాడు. అదంతా ఆయన చెవిన వేశాను.

"కుందేలు బొరియల బతికే జీవి సుసన్నా. అంటే మన బాయి మనిషే. చీకటి, గట్టి కప్పు. ఇంకేం గావాలె దానికి?" అన్నాడు. బాయి అంటే గనే. మాకు ఆ మాటే అలవాటు.

సెలవు రోజుల్లో పని మొదలుపెట్టాడు. సామిల్లు నుంచి గట్టి కట్టె కొన్నాడు. పాత సామాన్ల దుకాణంలో బొగ్గు మోసే బెల్టు ముక్క, మందపు నల్ల రబ్బరుది, బేరమాడి తెచ్చాడు. పెరట్లో ఇల్లు సగం నేలలోకి దిగేలా మట్టి తవ్వి, నాలుగు మూలలా కట్టెలు దింపి, సందుల్లో చీలికలు దిగ్గొట్టి, పైన పలకలు పరిచి బెల్టు కప్పాడు. ముందు ఒక చిన్న తలుపు, అంతే. సదయ్య దాని మీదెక్కి ఎగిరి చూశాడు. ఇసుమంతైనా కదల్లేదు.

"గిండ్ల కుందేలెందుకు దేవన్నా, నన్ను పెట్టు. వానకాలం మా క్వార్టర్ కురుస్తది," అన్నాడు.

మా క్వార్టర్ల లైన్లో వాళ్లంతా వచ్చి చూసిపోయారు. నేను చాయ్ పెట్టి ఇచ్చాను. నిజం చెప్పాలంటే డాక్టరు మాట ఆ సంబరంలో నేనూ పక్కన పెట్టేశాను. ఆ రోజు బ్లాస్టింగ్‌కు లోపల యోనా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది.

మే నెల వచ్చింది. రామగుండం ఎండ గురించి ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఒక మధ్యాహ్నం ఆకుకూర వేయడానికి వెళ్లిన శాలిని ఏడుస్తూ వచ్చింది. యోనా పక్కకు పడిపోయి నోరు తెరిచి ఎగపోస్తోంది. చెవులు పట్టుకుంటే కాలిపోతున్నాయి. లోపలికి తెచ్చి, డాక్టరుకు ఫోన్ చేసి, అతను చెప్పినట్టు చెవులను చల్లటి నీళ్లతో తడుపుతూ కూర్చున్నాం. సాయంత్రానికి తేరుకుంది. ఇంకోసారి ఇలా అయితే బతకదని డాక్టరు స్పష్టంగా చెప్పాడు.

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చాక చెప్పాను. ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు.

"నేను పెట్టిన కప్పుకు వంక పెడ్తున్నవా? గసొంటి ఇల్లు ఈ కాలనీల లేదు."

"గట్టిది గాదని నేనన్ననా?"

"మరేందట? రేపు మళ్ల దాంట్లనే పెడ్త. ఏమైతదో చూద్దాం."

శాలిని కుందేలును గుండెకు అదుముకుంది. నాకు ఒళ్లు మండింది. "బాయిల కప్పు పెట్టి ముందుగాల నువ్వు నిలబడ్తవు గదా," అన్నాను. "గీ కప్పు కింద ఎన్నడన్న నిలబడ్డవా?"

ఆయన లేచి వెళ్లి చేతులు కడుక్కున్నాడు. అన్నం తిని పడుకున్నాడు.

మర్నాడు ఎండ మండుతున్న వేళ పెరట్లోకి వెళ్లాడు. తలుపు తీసి, నేల మీద బోర్లా పడుకుని, తలా భుజాలూ లోపలికి దూర్చాడు. పిట్టగోడ అవతలి నుంచి సదయ్య చూసి నవ్వాడు. లైన్లో ఇంకొందరు చేరారు. ఆయన బయటికి రాలేదు. నవ్వులు తగ్గాయి. నాకు భయం వేసింది. శాలిని వెళ్లి కాలు పట్టుకుని గుంజింది. అప్పుడు వెనక్కి జరిగి లేచి కూర్చున్నాడు. అంగీ మొత్తం తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

"ఏంది దేవన్నా, ఎట్లుంది?" సదయ్య అడిగాడు.

"ఫ్యాన్ బందైన బాయి లెక్కనే ఉన్నది," అన్నాడు మా ఆయన. గనిలోకి గాలి పంపే ఆ పెద్ద ఫ్యాన్ ఆగితే లోపల ఊపిరాడదు. తర్వాత అందరి మొహాలూ చూసి, "కప్పు మంచిదే. ఇల్లు మంచిది గాదు. నేనే తప్పు కట్టిన," అన్నాడు.

గడ్డపార తెచ్చి, తను దిగ్గొట్టిన చీలికలు తనే ఊడబీకాడు. సాయం వస్తానన్న సదయ్యను రానివ్వలేదు. లైన్ అంతా మెచ్చిన పనిని లైన్ అంతా చూస్తుండగా విప్పేశాడు. నా మొగుడి గురించి నేను చాలా గొప్పలు చెప్పుకున్నాను గానీ, ఆ మధ్యాహ్నం పొంగినంతగా నా గుండె ఎప్పుడూ పొంగలేదు.

తర్వాత ఇంట్లో చోటు వెతకడం మొదలైంది. వెతకడమంటే ఆయన మోకాళ్ల మీద పాకుతూ, ఒక్కోచోట నేలకు చెంప ఆనించి గాలి చూసుకోవడం. వంటింట్లో పొయ్యి వేడి. ముందు గదిలో పడమటి ఎండ. స్నానాల గది పక్కన ఎప్పుడూ తడి, కుందేలు కాళ్లు పాడవుతాయి. చివరికి వెనక గదిలో కూలరు మూలకు వచ్చి ఆగాడు. అక్కడ ఆయన మంచం ఉంది.

ఆ మూల సంగతి చెప్పాలి. నైట్ షిఫ్టు వారాల్లో ఆయన పగలు పడుకునేది అక్కడే. మా కాలనీలో నైట్ డ్యూటీ దిగి పడుకున్న మనిషి నిద్ర అంటే అందరికీ భయభక్తులు. ఆ ఇంటి ముందు పిల్లలు ఆడరు, కూరగాయలామె గొంతు తగ్గించుకుని పోతుంది. నిద్ర చాలని మనిషి బాయిలోకి దిగకూడదని ఇక్కడ అందరికీ తెలుసు.

"ఆడ వద్దు. నీ నిద్ర ఖరాబైతది," అన్నాను.

"నా మంచం ఇంత ఎనుకకు జరుపుత. మొదటి గాలి దానికి, మిగిలింది నాకు. సరిపోతది."

విప్పిన కట్టెతోనే నాలుగు కాళ్ల చట్రం చేసి, చుట్టూ సన్న ఇనుప జాలి కొట్టాడు. కింద చెక్క పలక వేసి గడ్డి పరిచాడు. దాక్కోవడానికి ఒక పక్క రెండు వైపులా తెరిచిన చిన్న అర పెట్టాడు. పూర్తయ్యాక, ఎవరూ చెప్పకుండానే, కూలరు ముందు దాని పక్కన నేల మీద ఒక మధ్యాహ్నమంతా పడుకుని చూశాడు. ఆ తర్వాతే యోనాను తెమ్మన్నాడు.

ఆ మే నెలంతా యోనా ఆ జాలి వెనక కాళ్లు బారజాపుకుని పడుకుంది. ఆకులు తింది, కాస్త ఒళ్లు కూడా చేసింది. బ్లాస్టింగ్ అప్పుడు అరలోకి పోయి, గ్లాసులు సద్దుమణగగానే మళ్లీ గాలికి వచ్చేది. ఆ ఎండాకాలం మా కుందేలు బతికింది.

ఆ నెలాఖరులో ఒక రోజు సదయ్య ఏదో పని మీద వచ్చి, వాకిట్లోంచే "దేవన్నా" అని కేక వేశాడు. నైట్ షిఫ్టు వారం కాదు. ఆయన మెలకువగానే ఉన్నాడు, కూర్చుని పేపరు చదువుతున్నాడు. గబగబా గడప దాకా వెళ్లి, నోటి మీద వేలు పెట్టాడు.

"జర మెల్లగ మాట్లాడు సదయ్యా," అన్నాడు. "లోపల యోనా పండుకున్నది."

సదయ్య నవ్వలేదు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా మా ఇంట్లోకి వచ్చాడు.