తలుపు పెట్టనివ్వని సదర్ ఖాలా

మా సదర్ ఖాలా పోయింది. ఆ కబురు పొద్దున్నే మసీదు మైకులో విన్నాను. అప్పుడు పొయ్యి దగ్గర ఉన్నాను. నా వెనక గుమ్మం పరదా లేచిన చప్పుడైంది. తిరిగి చూడకుండానే "రా ఖాలా, కూసో, చాయ్ అయితున్నది" అన్నాను. కప్పులో పోసి పీట పక్కన పెట్టాను కూడా. అంతలో మైకు గరగరమంది. ఇంకా తెల్లవారకముందే, నిద్రలోనే ఆమె ప్రాణం పోయిందట. వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలో ఎవరూ లేరు. పరదా మాత్రం ఊగుతూనే ఉంది.

గాలికే ఊగి ఉంటుంది. నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదు. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే ఇకముందు నేను రాసేది చదివితే మీకు నా మీద అనుమానం రావచ్చు.

ఆమె నాకు చుట్టం కాదు. గల్లీలో హిందువులు, ముస్లింలు అందరూ ఆమెను ఖాలా, అంటే పిన్ని, అనే పిలిచేవాళ్ళు. మా బస్తీ కమిటీకి అధ్యక్షురాలు కాబట్టి సదర్ ఖాలా అయింది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. దుకాణాలకు దిండు గలీబులు కుట్టి బతికేది. కోపం వస్తే ఉర్దూలో తిట్టేది, జాలి వస్తే తెలుగులో తిట్టేది. ఆమె తెలుగు తిట్లు నేనే ఎక్కువ తిన్నాను.

హుస్సేనీ ఆలం వెనక గల్లీలో మేమందరం కిరాయికి ఉన్న పాత పెంకుటిళ్ళ వరుస వానలకు కూలిపోయింది. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. మాలికుల వారసులు మంచివాళ్ళే. వాయిదాల మీద కడతామంటే ఆ జాగా మాకే అమ్ముతామన్నారు. కానీ ఇళ్ళు కట్టేదెట్లా? బ్యాంకు వాళ్ళు మా మొహాలు చూసి మంచినీళ్ళిచ్చి పంపించారు. ఒక బిల్డర్ మనిషి వచ్చి, జాగా తమకు వదిలేస్తే ఊరికి అవతలెక్కడో తలా ఒక ఫ్లాట్ ఇప్పిస్తానన్నాడు. అక్కడి నుంచి మా ఆయన చార్మినార్ దగ్గరి దుకాణానికి వచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది. మా పనులు, పిల్లల బడి, చేబదుళ్ళు, లొల్లులు అన్నీ ఈ గల్లీలోనే ఉన్నాయి. ఇక్కడి నుంచి చెదిరిపోతే మళ్ళీ కలవమని అందరికీ తెలుసు.

అందుకే కూలిన గోడల మధ్య దుప్పట్లు పరుచుకుని కమిటీ కూర్చుంది. ఖాలా ప్లాను చెప్పింది. అందరూ నెలనెలా చిట్టీ కట్టాలి. ఒక ఇంటికి సరిపడా జమ కాగానే ఒక ఇల్లు కట్టాలి. ఒక గది, వంటకు ఒక మూల, నెత్తిమీద స్లాబు, అంతే. పేర్లు రాసి చీటీ తీస్తే ఎవరి పేరు వస్తే వాళ్ళ ఇల్లు ముందు. సిమెంటు, ఇనుము కిస్తీల మీద ఇవ్వమని దుకాణం సేటును కూడా పిలిపించింది. సేటు మంచివాడే, కానీ సేటు సేటే కదా.

"ఖాలా, ఒక్క మాట అడుగుత," అన్నాడు. "ముందుగాల ఇల్లు దొరికినోడు లోపలికి పోయి దర్వాజా బంద్ చేసుకుంటడు. మరుసటి నెల నుంచి పైసలు కట్టడు. అప్పుడేం జేస్తవ్? ఆఖరోని ఇల్లు ఎవరు కడ్తరు?"

లోపల అందరికీ ఉన్న భయం అదే. ఖాలా మాత్రం దారం కొరుకుతున్నంత తేలిగ్గా చెప్పింది.

"దర్వాజానే పెట్టం సేటు."

"ఏంది?"

"ఆఖరి ఇంటి మీద స్లాబు పడేదాంక ఎవ్వరింటికి దర్వాజా ఉండది. గోడలుంటయ్, కప్పుంటది, నల్లా ఉంటది. దర్వాజా ఒక్కటే ఉండది. దర్వాజా లేనోడు పైసలు ఎగ్గొట్టి యాడ దాక్కుంటడు? గిదే నా జమానత్, నా పూచీ. ఆఖరి ఇల్లు నాది. చీటీల నా పేరు ఎయ్యకుండ్రి."

సేటు చాలాసేపు నవ్వాడు. నవ్వు ఆగాక ఇనుము పంపిస్తానన్నాడు.

అట్లా మొదలైంది. మూడో చీటీ నాకొచ్చింది. నా జన్మలో మొదటిసారి నా నెత్తిమీద నాదైన కప్పు. ఆ రోజు స్లాబు కింద నిలబడి ఏడ్చాను, చెప్పడానికి సిగ్గేముంది? కానీ గుమ్మానికి చట్రం ఉంది, తలుపు లేదు. ఖాలా తన మిషను మీద ఒకే తాను గుడ్డతో అన్ని ఇళ్ళకూ ఒకే రకం పరదాలు కుట్టి ఇచ్చింది. నీలం రంగు. ఏ ఇల్లు ఎవరిదో పోల్చుకోలేకపోయేవాళ్ళం. ఒకరోజు మా ఆయన పని నుంచి వచ్చి నేరుగా పక్కింట్లో కూర్చుని కంచం ముందుకు లాక్కున్నాడు. ఆ ఇల్లాలు కూడా తల తిప్పకుండా కూర వడ్డించింది. సగం తిన్నాక, మా కూరలో ఇంత పులుపు ఉండదే అనుకుని తలెత్తాడట. నెల రోజులు గల్లీ అంతా అదే నవ్వు.

నవ్వులాట సంగతి అటుంచితే, ఆ ఇళ్ళలో మధ్యాహ్నాలు వేరుగా ఉండేవి. మగవాళ్ళు పనులకు పోయి, పిల్లలు బడికి పోయాక గల్లీలో అలికిడి ఆగిపోతుంది. ఆకు కూడా కదలని ఎండలో మొదటి ఇంటి పరదా లేస్తుంది. పడుతుంది. తర్వాత రెండో ఇంటిది. తర్వాత నాది. చెప్పుల చప్పుడుండదు, ఖాలా చెప్పులు మొదటి ఇంటి దగ్గరే విడిచేసేది. తట్టడానికి తలుపు లేదు కాబట్టి తట్టదు. నేను గరిటె పట్టుకుని తిరిగితే వెనక కూర్చుని ఉండేది. ఎప్పుడొచ్చిందో తెలియదు. ఎన్నిసార్లు గుండె ఆగినంత పనైందో!

"పిలువరాదా ఖాలా! నీ నడకకు మనిషి సచ్చిపోతది!"

"పరదా లేస్తే ఎవరని అడుగొద్దు బిడ్డా. చాయ్ పెట్టు. ఎవరైతే వాళ్ళే తాగుతరు."

ఎందుకు తిరిగేదో నాకు తర్వాత అర్థమైంది. ఏ ఇంట్లో పోపు వాసన రాలేదో ఆమెకు తెలిసిపోయేది. ఆ నెల ఆ ఇంటి చిట్టీ ఆలస్యమైనా కమిటీలో ఆ ముచ్చటే వచ్చేది కాదు. గలీబులు కుట్టిన డబ్బు ఆ ఖాళీలో పోసేదని సేటు ఆమె చనిపోయిన రోజే చెప్పాడు. మేమెవరం అడగలేదు, ఆమె చెప్పలేదు.

నాకు ఖాలాతో పెద్ద తగువు ఒకటుంది. మా అమ్మాయి అప్పుడు ఇంటర్. ఎదిగిన పిల్లను తలుపు లేని ఇంట్లో ఎట్లా పడుకోబెట్టను? నా పుట్టింటి వాళ్ళు వచ్చి, "గుడ్డ కట్టుకున్న కొట్టంల ఆడపిల్లను పెట్టినవా?" అని నానా మాటలూ అని పోయారు. ఆ కోపమంతా తీసుకెళ్ళి ఖాలా మీద కుమ్మరించాను.

"నీకేం తెలుసు ఖాలా! పిల్లలు లేనిదానివి! రేపు నా బిడ్డకేమన్న అయితే నీ కమిటీ వస్తదా? నాకు దర్వాజా కావాలె, గంతే!"

గల్లీ అంతా వింటోంది. ఖాలా నన్ను తిట్టలేదు. సూది గుడ్డలో గుచ్చి లేచి వెళ్ళిపోయింది. చీకటి పడ్డాక చాప చంకలో పెట్టుకుని వచ్చి మా గుమ్మంలో అడ్డంగా పరిచింది. "దర్వాజా అడిగినవ్ గద. వచ్చింది," అని పడుకుంది.

మా అమ్మాయి ఇంటర్ ఆఖరి ఏడు దాకా అట్లాగే పడుకుంది. వానాకాలంలో జల్లు కొట్టినా కదిలేది కాదు. నేను బతిమాలాను, తిట్టాను, కాళ్ళు పట్టుకున్నాను. వినలేదు. ఆఖరికి చలికాలం దగ్గు పట్టుకున్నాక నేను, మా అమ్మాయి కలిసి ఆమెను, తన ఇల్లు లేచేదాకా ఆమె ఉంటున్న రేకుల గదికి సాగనంపాం. అప్పటికి మా అమ్మాయికి ఒక అలవాటు పడిపోయింది. గుమ్మం దాటేటప్పుడు కాలు ఎత్తుగా ఎత్తి, పడుకున్న మనిషిని దాటినట్టు దాటేది. చాప లేదు, మనిషి లేదు, అయినా కాలు ఎత్తేది. నిన్న కూడా ఎత్తింది. ఎందుకట్లా అంటే, "ఏమో అమ్మా, తగుల్తదేమో అనిపిస్తది" అంది. ఆ మాట విన్నప్పుడు నా ఒళ్ళు జలదరించింది. ఎంత ప్రేమగా కూడా అనిపించిందో మీకెట్లా చెప్పను?

ఖాలా పోయేనాటికి ఆమె ఇల్లు ఒక్కటే మిగిలింది. పునాది వేసి, గోడలు లేపి, స్లాబు దగ్గర ఆగి ఉంది. దినాలయ్యాక కమిటీ కూర్చుంది. మధ్యాహ్నం పూట, మొదటి ఇంటి ఎదుట వేపచెట్టు కింద. సేటు కూడా వచ్చాడు. ఆటో నడిపే అన్న మాట ఎత్తాడు. ఆయనకు ఇద్దరు ఆడపిల్లలు, మొదటి చీటీ వాళ్ళదే. అందరికంటే ఎక్కువ కాలం తలుపు లేకుండా బతికింది ఆయనే.

"తప్పుగ అనుకోకుండ్రి. ఖాలా నాకు తల్లసొంటిది. గని ఖాలా లేదు. వారసులు లేరు. ఆ ఇల్లు ఎవరికని కట్టాలె? ఆ పైసలతోని అందరికి దర్వాజాలొస్తయ్. ఇంకెన్ని రోజులు పరదాల ఎన్కల..."

అక్కడ ఆగిపోయాడు. ఆయన చూస్తున్న వైపు మేమూ చూశాం. గల్లీలో మొదటి ఇంటి పరదా మా ముందే లేచి పడింది. రెండోది లేచింది. తర్వాత మా ఇంటిది. మా పైనున్న వేపమండ మీద ఒక్క ఆకు కదలడం లేదు. వరుసలో ఆఖరి పరదా దాకా లేచి, పడి, ఆగింది. దాని తర్వాత పరదా లేదు, ఖాలా గోడలే.

"గాలి," అన్నాడు ఆటో అన్న.

సేటు నావైపు తిరిగాడు. "అమ్మా, దర్వాజా కోసం అందరికంటే ఎక్కువ కొట్లాడింది నువ్వే. నువ్వు చెప్పు."

నాకు తలుపు కావాలి. ఇప్పటికీ కావాలి. నా ఇంటికి నేను గడియ వేసుకుని, లోపల ఎవరూ చూడకుండా ఒక్కరోజు కాళ్ళు చాపుకుని పడుకోవాలని నాకెంత ఆశో దేవుడికి తెలుసు. నోరు తెరిచేదాకా అదే చెబుదామనుకున్నాను.

"స్లాబు పడాలె అన్నా," అన్నాను. "ఆమె ఉన్నదని గాదు మనం పైసలు కట్టింది. ఒప్పుకున్నం కాబట్టి కట్టినం. ఇప్పుడు ఆపితే, ముసలామె ముంగట ఇన్నేండ్లు భయానికే కట్టినట్టయితది. నా చిట్టీ నేను కడ్త. మురికినాలా పక్కన రేకుల కింద ముగ్గురు పిల్లలతోని ఉంటదే, ఆ బీడీల పని చేసే చెల్లె, ఆమెకిద్దాం ఆ ఇల్లు. స్లాబు పడ్డంక దర్వాజాలు."

ముందుగా చెయ్యెత్తింది ఆటో అన్నే.

పోయిన వారం స్లాబు పోశారు. మేస్త్రి పైన మట్టి కట్టలు కట్టి, మడులు చేసి, స్లాబు గట్టిపడేదాకా వాటిలో నీళ్ళు ఎండకుండా చూసుకోమని చెప్పి నిచ్చెన తీసుకుపోయాడు. రోజూ ఒక ఇంటివాళ్ళు నీళ్ళు పోయాలని అనుకున్నాం. మొదటి రోజు వంతు నాది. సేటు దుకాణం నుంచి నిచ్చెన అడుక్కొచ్చి, బకెట్ మోసుకుని ఎక్కాను. మడులన్నీ నిండుగా ఉన్నాయి.

ఇల్లిల్లూ తిరిగి అడిగాను. నేను తగువు మనిషిని, ఎదుటివాళ్ళ మొహం చూస్తే అబద్ధం పట్టేస్తాను. ఎవరూ అబద్ధం ఆడలేదు. మర్నాడు ఆటో అన్న భార్య ఎక్కి చూసింది. ఆ తర్వాతి రోజు మా పక్కింటి ఇల్లాలు. ఎప్పుడు చూసినా నిండుగానే.

వడ్రంగి నిన్న గుమ్మాలు కొలుచుకుని పోయాడు. ఇవాళ మళ్ళీ నా వంతు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. పైకెక్కేసరికి మడుల్లో నీళ్ళు అంచుదాకా ఉన్నాయి, ఇప్పుడే ఎవరో పోసి దిగినట్టు ఇంకా కదులుతున్నాయి. మోసుకొచ్చింది మళ్ళీ కిందికి దించబుద్ధి కాలేదు. ఎవరు పోశారని ఈసారి అడగలేదు, నా బకెట్ కూడా అందులోనే వంచాను. నీళ్ళన్నీ అందులోకే పోయాయి, ఒక్క చుక్క కూడా బయటికి పొర్లలేదు.