తల దువ్వని అక్షరాలు

“...అడగక్కర్లేదా మరి? మనిషండీ ఆయన! గోడ మీద కేలండరా, నెల మారగానే చించి పడెయ్యడానికి?”

కండక్టరు గొంతు. బస్సులో వెనక సీటు దాకా వినిపించే ఆ గొంతు హక్కుల సంఘం ఆఫీసు మెట్ల మీదికీ వినిపించింది. రంగు డబ్బా పట్టుకుని ఎక్కుతున్న బోర్డులక్క మధ్యలోనే ఆగిపోయింది. ఆ మాట తన భర్త గురించేనని ఆమెకి తెలుసు.

“నెమ్మదిగా మాట్లాడవయ్యా. ఎన్నేళ్లని వెతుకుతాం? ఈసారి ఊరేగింపు బ్యానరు మీద ‘స్మృతిలో’ అని రాయిద్దాం. కమిటీ తీర్మానం అయిపోయింది.” ఇది సంఘం పుట్టినప్పటినుంచీ అధ్యక్షుడిగా ఉన్న ప్లీడరుగారు.

“కమిటీ అంటే ఎవరండీ? మీరు, మీ జూనియరు, మీ కుర్చీ. ఊరేగింపులో ఎండకి మాడేది మేమూ, తీర్మానాలు మీవీనా? ఎన్నికలు పెట్టండి.”

“పెడతాను. ఎదురు నిలబడేదెవరో చెప్పు, రేపు సభలోనే పెడతాను.”

అలా నిలబడే ధైర్యం ఎవరికీ లేదు. కోర్టులో ఉన్న తమ వాళ్ల కేసులన్నీ ప్లీడరుగారి చేతిలోనే ఉన్నాయి మరి.

బోర్డులక్క లోపలికి వెళ్లింది. ప్లీడరుగారు కుర్చీ చూపించి, తెల్లగుడ్డ చుట్ట ఆమె చేతికిచ్చారు.

“నీ మంచికేనమ్మా. పోయాడని ఒప్పుకుంటే ఇల్లయినా నీ పేరు మీదికి మారుతుంది.”

“పోయాడని మీకెవరు చెప్పారండీ?”

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. “రేపటికి రాసివ్వు” అన్నారు.

బజారులో సగం బోర్డులు ఆమె భర్త రాసినవే. అతనిదో అలవాటు. వరస మొత్తం తలకట్లు లేకుండా రాసేవాడు. చివరికి మొదటి అక్షరం దగ్గరికొచ్చి, ఊపిరి బిగబట్టి, అన్నిటికీ ఒక్క ఊపున తలకట్లు పెట్టేవాడు. దాన్ని అక్షరాలకి తల దువ్వడం అనేవాడు. పోలీసులు పట్టుకుపోయినవాళ్ల కోసం సంఘం బ్యానరు ‘మనవాళ్లెక్కడ?’ అని రాసి, తల దువ్వబోతుండగా గుమ్మం ముందు జీపు ఆగింది. “బ్రష్షు కిరసనాయిల్లో పెట్టవే, గట్టిపడిపోద్ది. వచ్చి దువ్వుతా” అని చెప్పి ఎక్కాడు. మ, న, క, డ బోడితలలతో ఉండిపోయాయి. ఆ గుడ్డ అలమార మీద చుట్టగా ఉంది. ఆ తరవాత ఏటా ఆమే కొత్త గుడ్డ మీద ఆ మాట రాసి ఇస్తోంది. చెయ్యి తనదే అయినా, ఒంపులు అతనివే వస్తాయి.

ఇంకొకటి కూడా ఉంది. అది ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం వేళ, తన బ్రష్షు గుడ్డ మీద ఉండగానే, పక్కగదిలో ఇంకో బ్రష్షుని డబ్బా అంచుకి తట్టిన చప్పుడవుతుంది. రెండుసార్లు, ఆగి ఒకసారి. అతను అలాగే తట్టేవాడు. ఆ చప్పుడైనప్పుడల్లా మంచం మీద అత్తగారు తల ఎత్తుతుంది.

“ఏంటత్తయ్యా?”

“ఏం లేదు. నీ పని నువ్వు చూసుకో.”

ఆ మధ్యాహ్నం నేల మీద తెల్లగుడ్డ పరిచింది. ‘స్మృతిలో’ అని రాసింది. తలకట్టు పెట్టాల్సింది ఒక్క ‘స’కే. బ్రష్షు ముంచింది. చెయ్యి గాల్లోనే ఆగింది. రంగు చుక్క ఒకటి మోకాలి మీద పడింది.

పక్కగదిలో తట్టిన చప్పుడు. రెండుసార్లు. ఆమె ఊపిరి తీసుకోకుండా కూర్చుంది. మూడోది వినపడలేదు.

“దానికి తల దువ్వకే” అంది అత్తగారు, గోడ వైపు తిరిగి పడుకునే.

“మీకూ వినపడుతుందా?”

“కన్నదాన్ని. నాకు వినపడదా?”

ఆమె లేచి, అలమార మీది చుట్ట దించింది. దుమ్ము రాలింది. కిరసనాయిలు వాసన, నిన్ననే రాసినంత ఘాటుగా.

మర్నాడు సభలో ఆ పాతగుడ్డని కండక్టరు ఒక కొసా, తనొక కొసా పట్టుకుని వేదిక ముందు విప్పారు.

“ఇదేంటమ్మా, తలకట్లేవీ?” అన్నారు ప్లీడరుగారు.

“రాసినాయనొచ్చి పెడతానన్నాడండీ.” ఆమె సభ వైపు తిరిగింది. “నిన్న అధ్యక్షులవారు ఎదురు నిలబడేదెవరని అడిగారు. నేను నిలబడుతున్నాను.”