గంగాళం చోట నీలం డ్రమ్ము

రెండేళ్ల కిందట మాఘమాసంలో, పెళ్లిళ్లు జోరుగా ఉన్న రోజుల్లో, నర్సీపట్నంలోని మా చరిత్ర సంఘం నన్ను తమ మ్యూజియానికి తనిఖీదారుగా నియమించింది. జీతం లేదు. రోజుకు రెండు టీలు, ఒక టేబుల్ ఫ్యాను. నేను బస్సు డిపో స్టోర్స్ నుంచి స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని అప్పటికి నాలుగు నెలలైంది. వయసు యాభై మూడు. డిపోలో క్లీనరుగా చేరి, నట్లూ బోల్టులూ లెక్కపెడుతూ లెక్కలు నేర్చుకుని, స్టోర్ కీపరుగా బయటికి వచ్చినవాణ్ణి. పదో తరగతి తర్వాత నాకు లెక్కలు చెప్పిన మాస్టారు ఎవరూ లేరు. అందువల్ల ఏ లెక్కనైనా రెండుసార్లు చేసి చూసుకోవడం అలవాటు.

స్టోర్స్ పని తెలియని వారికి ఒక్క మాట. డిపోలో ప్రతి అరకూ ఒక కార్డు వేలాడుతుంది. దాన్ని బిన్ కార్డు అంటాం. ఎన్ని వచ్చాయి, ఎన్ని ఇచ్చాం, ఎన్ని మిగిలాయి అనే మూడు గడులు అందులో ఉంటాయి. ఏటా ఒకసారి కార్డు చెప్పే నిల్వనూ, అరలో కనిపించే నిల్వనూ పోల్చాలి. పేరుకు తేలిక పని. నా సర్వీసులో మొదటి లెక్కకే ఆ రెండూ సరిపోయిన సందర్భం ఒక్కటీ లేదు.

మ్యూజియం అంటే పాత మునిసిపల్ భవనం మేడ మీద రెండు గదులు. సోషల్ టీచరుగా రిటైరైన సత్యవతి గారు పదకొండేళ్ల కిందట తన ఇంటి వరండాలో దాన్ని మొదలుపెట్టారు. చుట్టుపక్కల ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి కుంచాలు, గంగాళాలు, పెళ్లి పల్లకి, తాటాకు గొడుగులు, ఏజెన్సీ గ్రామాల నుంచి డప్పులు, గంపలు పోగుచేశారు. ఆ గదుల కేటాయింపు గడువు ఆ నెలతో ముగుస్తోంది. మునిసిపల్ ఆఫీసు మరో అవసరానికి గదులు అడుగుతోంది. రిజిస్టర్లో ఉన్న వస్తువులన్నీ నిజంగా ఉన్నాయని తమ సీనియర్ అసిస్టెంటు చూసి సంతకం పెడితే కేటాయింపు పొడిగిస్తామనీ, లేకపోతే ఖాళీ చేయాలనీ కాగితం పంపారు. తనిఖీ ఈ గురువారం కాదు, పై గురువారం. నా చేతిలో పదకొండు రోజులున్నాయి. గదులు పోతే డెబ్బై నాలుగేళ్ల సత్యవతి గారు, ఏ గడప దగ్గర నిలబడి వస్తువు తెచ్చారో, మళ్లీ ఆ గడపకే వెళ్లి అప్పజెప్పి రావాలి.

రిజిస్టర్లో రెండు వందల పద్నాలుగు వస్తువులు ఉన్నాయి. మొదటి రోజు లెక్కపెట్టాను. రెండు వందల పద్నాలుగు. సంతోషించాల్సింది పోయి నాకు అనుమానం వచ్చింది. రెండోసారి చీటీలు చదువుతూ లెక్కపెట్టాను. "ఇత్తడి గంగాళం, పెద్దది" అన్న చీటీ వెనక నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఉంది. "అన్నం వార్చే అండా" స్థానంలో ఐదు లీటర్ల కుక్కరు. పల్లకి ఉండాల్సిన చోట నవారు మంచం. "పీట, టేకు" అన్నచోట ఒక హెల్మెట్.

తాళాలు పైడితల్లి దగ్గర ఉంటాయి. జీడిపప్పు కొట్టే పని మానేశాక రోజూ ఉదయం వచ్చి గదులు తెరిచి, ఊడ్చి, చూడవచ్చిన వారికి కథలు చెప్పే మనిషి ఆవిడ. హెల్మెట్ చూపించి ఇదేమిటని అడిగాను.

"అది సూరిబాబుది బాబూ. పీట అట్టుకెల్లినాడు, ఆలింట్లో నలుగు పెడతన్నారు."

"మరి గంగాళం?"

"పెల్లికెల్లింది."

"పల్లకి?"

"అదీ పెల్లికే. మాగమాసం కదేటి. పల్లకి సావుకెల్తాదా?"

వస్తువు తీసుకెళ్లినవాళ్లు దాని చోట తమ ఇంటి వస్తువు ఒకటి పెట్టి వెళ్లాలి. అది ఆవిడ పెట్టిన నియమం. "సోటు కాలీగా ఒగ్గీకూడదు. తిరిగి తెత్తారని గురుతు." అలా ఇరవై ఏడు గుర్తులు ఉన్నాయి. పుస్తకం లేదు. ఏ గుర్తు ఎవరిదో అడిగితే ఇరవై ఏడూ తడుముకోకుండా చెప్పింది. నేను రాసుకుని, మర్నాడు మళ్లీ అడిగాను. ఒక్కటీ తేడా రాలేదు.

అయినా నా దృష్టిలో అది ఇరవై ఏడు వస్తువుల లోటు. సత్యవతి గారికి నివేదిక ఇచ్చి, ఆవిడ ఏదో చెప్పబోతుండగానే, డిపోలో చేసే పనే చేశాను. బయటి వస్తువులన్నీ మూడు రోజుల్లో తిరిగి ఇవ్వాలనీ, ఇకమీదట ఏ వస్తువూ ఎవరికీ బయటికి ఇవ్వబడదనీ రాసి, సంఘం ముద్ర వేసి తలుపుకు అంటించాను. అక్షరాలు స్కేలు పెట్టి రాశాను.

మర్నాడు పొద్దున్నే కోటవురట్ల వైపు నుంచి సన్యాసినాయుడు గారు వచ్చారు. చెరకు రైతు. పెద్ద గంగాళం ఆయన ఇంటి నుంచి వచ్చిందే. అప్పటికది ఆయన ఇంట్లోనే ఉంది. పల్లకితో కలిపి మొత్తం పదహారు వస్తువులు పట్టుకెళ్లారు. కూతురి పెళ్లి. ముహూర్తం తనిఖీ జరిగే గురువారమే. కాగితం నిదానంగా చదివి, నన్ను పైనుంచి కిందికి చూశారు.

"ఇది రాసింది మీరేనా అండీ?"

నేనే అన్నాను.

"అచ్చరాలు బాగున్నాయి. మా మామ్మ గంగాళం మా గుంట పెల్లికి వాడొద్దని సెప్పడానికి తవరేటవుతారో అది రాయనేదు."

నిబంధన గురించి చెప్పబోయాను. ఆయన వినలేదు. "నిబందన తవరుంచుకోండి. గంగాళం మాకాడే ఉంటాది. ఆ నీలం డ్రమ్ము తవరికే. దానికి కూడా ఓ సీటీ రాసీండి, వందేల్లకి పురాతనం అవుతాది." పైడితల్లి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అవతలి గదిలోకి వెళ్లిపోయింది.

ఈ మాట ఆటోల్లో ఊళ్లకు చేరింది. మొదటి రోజు పద్దెనిమిది, రెండో రోజు ఇరవై మూడు వస్తువుల్ని శాశ్వతంగా వెనక్కి ఇమ్మని ఇళ్లవాళ్లు వచ్చి అడిగారు. మాకవరపాలెం నుంచి వచ్చిన ఒకావిడ, ఇరవై ఏళ్లుగా వాడని రోకలి తనకు ఆ సాయంత్రానికే కావాలంది. రోజుకు ఇరవై చొప్పున వేసుకున్నా తనిఖీ నాటికి వస్తువుల కన్నా ఉత్త చీటీలే ఎక్కువ ఉంటాయని లెక్క తేలింది. రెండోసారి వేసినా అంతే వచ్చింది. లోటు తీర్చబోయి మ్యూజియాన్నే ఖాళీ చేస్తున్నాను.

సత్యవతి గారింటికి వెళ్లాను. ఆవిడ కోప్పడలేదు. రిజిస్టరు తెరిచి, "ఎలా వచ్చింది" అన్న గడిలో వరసగా "దానం" అని ఉన్నది చూపించి, అది ఎవరు రాశారని అడిగారు. మునుపటి కార్యదర్శి రాశారని చెప్పాను. తాను ఏ ఇంట్లోనూ ఇమ్మని అడగలేదనీ, మా దగ్గర ఉంచండి, కావలసినప్పుడు పట్టుకెళ్లండి అనే అడిగాననీ చెప్పారు. "ఇమ్మని అడిగితే పెరట్లో చాట కూడా ఇచ్చేవారు కారు నాయనా" అన్నారు.

ఆ సాయంత్రమే కాగితం పీకేశాను. "దానం" కొట్టేసి, ఆ గడికి "ఎవరిది" అని పేరు పెట్టి, ఇంటిపేర్లతో సహా నింపాను. రెండు వందల పద్నాలుగు బిన్ కార్డులు కోసి, తీసుకున్నవారు, తేదీ, గుర్తుగా పెట్టిన వస్తువు అన్న గడులు గీశాను. నేనూ పైడితల్లీ ఆటోలో ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించాం. వెనక్కి ఇమ్మన్నవారు రిజిస్టర్లో తమ పేర్లు చూసుకుని ఊరుకున్నారు. సన్యాసినాయుడు గారు పదహారు కార్డుల మీద సంతకాలు పెట్టి, ఒక శుభలేఖ చేతిలో పెట్టారు. గురువారం ఉదయానికి పట్నంలోని వాళ్లు పదకొండు వస్తువులు తెచ్చి ఇచ్చి, హెల్మెట్టూ కుక్కరూ పట్టుకెళ్లారు. పెళ్లివారి పదహారు మాత్రమే బయట ఉన్నాయి.

సీనియర్ అసిస్టెంటు గారు పదింటికి వచ్చారు. నాలాంటి మనిషే. వస్తువు తిప్పి, అడుగున నంబరు చూసి, రిజిస్టర్లో టిక్కు పెడుతూ నూట తొంభై ఎనిమిది చూశారు. మిగిలిన పదహారు కార్డులు ముందు పెట్టాను. స్టోర్స్ పద్ధతిలో సంతకం ఉన్న కార్డు నిల్వతో సమానమని వివరించాను. ఆయన మర్యాదగానే కాదన్నారు. "కార్డులో నీళ్లు పోస్తే నిలుస్తాయాండీ?"

శుభలేఖ చూపించాను. గంటలో పైడితల్లితో సహా ముగ్గురం పెళ్లిపందిట్లో ఉన్నాం.

పద్నాలుగు వస్తువులు ఇట్టే తేలాయి. పల్లకి నంబరు అడుగుపలక మీద ఉంది. మ్యూజియం పద్ధతి ప్రకారం నంబరు చూసేవాళ్లకు కనబడకుండా రాయాలి. ఆ వారం సంతకాలకు తిరిగినప్పుడు బయటి వస్తువులతో సహా అన్ని నంబర్లూ చెరగని సిరాతో దిద్దించింది నేను. పెళ్లికూతురు పల్లకిలో కూర్చుని ఉంది. కాస్త దిగమ్మా అని అడగడానికి నాకు నోరు రాలేదు. పైడితల్లి అడిగింది. "దిగమ్మా, మునిసిపాలిటీవోల్లు నీ కింద సూడాలంటన్నారు." పందిరంతా గొల్లుమంది. పెళ్లికూతురు కూడా నవ్వుతూనే దిగింది. అసిస్టెంటు గారు తల వంచుకుని టిక్కు పెట్టారు.

పదహారోది గంగాళం. అది నిండా మంచినీళ్లతో భోజనాల దగ్గర ఉంది. సన్యాసినాయుడు గారు, "అంచు మీద మా మామ్మ పేరు కొట్టించి ఉంది, సదువుకోండి సార్" అన్నారు.

"రిజిస్టర్లో నంబరుందండి. మామ్మ గారు లేరు" అన్నారు అసిస్టెంటు గారు.

"ఉన్నప్పుడు ఆవిడ్నీ ఎవులూ తిరగేయనేదు. నీల్లు పారబొయ్యను. బంతులయ్యేదాకా కూకోండి."

నీళ్లు అయిపోవాలంటే జనం తినాలి. మేమూ తిన్నాం. మూడో బంతి సగంలో గంగాళం ఖాళీ అయింది. నలుగురు పట్టి తిరగేశారు. నంబరు ఉంది. అసిస్టెంటు గారు చెయ్యి తుడుచుకుని సంతకం పెట్టారు. రెండు వందల పద్నాలుగుకు రెండు వందల పద్నాలుగు.

అక్కడితో ఊరుకుంటే నేను మరొకణ్ణి అయ్యేవాణ్ణి. తిరుగు ప్రయాణంలో, మా పద్ధతి ఎంత పక్కాగా ఉందో చూపడానికి, పైడితల్లి జ్ఞాపకం మీద ఆధారపడి కట్టిన ఒక సగటును ఆయన చేతిలో పెట్టాను. పెళ్లిళ్ల రోజుల్లో ఎప్పుడు చూసినా పాతిక నుంచి ముప్పై వస్తువులు బయటే ఉంటాయనీ, అవి చాలావరకు పెద్ద సైజువేననీ అందులో రాశాను. ఆయన శ్రద్ధగా చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

వారం తర్వాత ఉత్తర్వు వచ్చింది. వస్తువులన్నీ సరిపోయాయి కనుక కేటాయింపు మూడేళ్లు పొడిగించారు. పెద్ద వస్తువులు సాధారణంగా బయటే ఉంటాయని సంఘమే లిఖితపూర్వకంగా తెలిపినందువల్ల రెండో గది అవసరం లేదని భావించి, దాన్ని వెనక్కి తీసుకున్నారు.

సత్యవతి గారు ఉత్తర్వు చదివి కళ్లజోడు తీశారు. మ్యూజియం నిలిచింది, చాలు అన్నారు. ఆ సగటు ఎవరడిగారని అడిగారు. ఎవరూ అడగలేదని చెప్పాను.

తర్వాత మూఢం వచ్చింది. పెళ్లిళ్లు ఆగాయి. రెండు వందల పద్నాలుగు వస్తువులూ ఒకేసారి ఇంటికి చేరాయి, ఒక్క గదికి. గది కొలతలు తీసి, ఇరవై రెండు వస్తువులు పట్టవని తేల్చాను. పైడితల్లి కొలవకుండానే అదే చెప్పింది. ఆ ఇరవై రెండూ సన్యాసినాయుడు గారి సావిట్లో ఉన్నాయి. కార్డులు నా దగ్గర ఉన్నాయి.

ఈ పనిలో నేను నేర్చుకున్నవి రెండు. ఎవరి దగ్గరుందో చెప్పగలిగితే ఆ వస్తువు లోటు కింద రాయనక్కరలేదు. తనిఖీకి వచ్చినవారికి అడిగిన లెక్క పూర్తిగా ఇవ్వాలి, అడగని లెక్క ఇవ్వకూడదు. మొదటిది నేర్చుకోవడానికి పదకొండు రోజులు పట్టింది. రెండోదానికి ఒక గది పట్టింది.