బొమ్మల కొలువులో డ్రాగన్

నిన్న మధ్యాహ్నం మా ఇంటి బేస్‌మెంట్‌లో నేను చచ్చిపోయాను. నవ్వకండి. టీ చల్లారిపోతుంది, తాగుతూ వినండి. అంతకు ముందు వారం, శుక్రవారం నాడు, నేనొక డ్రాగన్‌కి బొట్టు పెట్టాను. చావు అక్కణ్ణుంచే మొదలైంది.

నా సంగతి మీకు తెలుసు. చిన్నప్పుడు మా ఇంట్లో బొమ్మల కొలువు పెట్టే స్తోమత లేదు. దసరాకి వీధిలో వాళ్ళ గుమ్మాల దగ్గర నిలబడి, దోసిట్లో శనగలు పోయించుకుని వచ్చేదాన్ని. బొమ్మని ముట్టుకోబోతే చేతి మీద ఒక్కటేసినావిడ మొహం నాకింకా గుర్తే. తర్వాత పెళ్ళి, కుట్టుమిషను, ఆ తర్వాత ఈ దేశం. ఇక్కడ ఫ్యాక్టరీలో రేడియో బోర్డులకి సోల్డరింగ్ చేస్తూ నిలబడి నిలబడి వాచిన కాళ్ళు ఇవి. ఫోర్‌మన్‌తో దెబ్బలాడి మా లైన్‌లో ఆడవాళ్ళందరికీ కుర్చీలు వేయించింది నేనే. అలాంటిదాన్ని ఒక కొలువు పెట్టుకోలేనా అని ఈ ఏడు పంతం పట్టాను. షికాగో పక్కన ఈ షామ్‌బర్గ్‌లో ఉన్న మన ఆడవాళ్ళందరికీ ఫోన్ చేసి, శనివారం మూడింటికి పేరంటం అని చెప్పేశాను. అందరికీ చెప్పాక గుర్తొచ్చింది, ఇంట్లో బొమ్మలు లేవని.

అట్టపెట్టెలు పేర్చి, తెల్ల దుప్పటి కప్పి, ఐదు మెట్లు కట్టాను. పై మెట్టు మీద వెంకటేశ్వరస్వామి పటం. కింది మెట్టు మీద ఎవరో సూట్‌కేసులో తెచ్చిచ్చిన కొండపల్లి ఎడ్లబండి, అదీ ఒక చక్రం ఊడినది. పక్కన లక్కపిడతలు. మధ్యలో మూడు మెట్లూ ఖాళీ. మా ఆయన తన బౌలింగ్ ట్రోఫీ తెచ్చి నెమ్మదిగా మూడో మెట్టు మీద పెట్టబోయారు. నేనొక చూపు చూశాను. మళ్ళీ నెమ్మదిగా పట్టుకెళ్ళిపోయారు.

మా వాణికి పద్నాలుగేళ్ళు, ఇక్కడే పుట్టింది. వేసవి సెలవుల నుంచీ బేస్‌మెంట్‌లో పింగ్‌పాంగ్ బల్ల ముందు కూర్చుని, వెంట్రుకంత బ్రష్ పట్టుకుని ఏవో రంగులు వేస్తూనే ఉంది. వారం ముందే దానికి చెప్పాను. "వాణీ, ఈ ఏడు కొలువు పెడుతున్నాం. బొమ్మలు కావాలే."

"ఓకే అమ్మా" అంది, తల ఎత్తకుండా.

శుక్రవారం అది స్కూల్‌కి వెళ్ళాక బట్టలు మెషీన్‌లో వేద్దామని కిందికి వెళ్ళాను. బల్ల మీద షూ పెట్టెలు ఉన్నాయి. మూత తీస్తే దూదిలో చుట్టిన బొమ్మలు. సీసపు బొమ్మలు, వేలెడంతవి. తెల్ల గడ్డం, పొడుగాటి అంగీ, చేతిలో కర్ర ఉన్న ఋషి. కత్తీ డాలూ పట్టిన వీరనారి. విల్లు ఎక్కుపెట్టినవాడు. గొడ్డళ్ళు పట్టిన పొట్టి గడ్డాలవాళ్ళు. కంటిరెప్ప కూడా గీసింది, బంగారుతల్లి. నేను మెషీన్ మీదే కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను. అమెరికాలో పుట్టినా, అమ్మ మాట విని నెలల తరబడి ఎవరికీ చెప్పకుండా కొలువుకి బొమ్మలు చేస్తోంది కదా అని. వారం కిందట చెప్పిన మాటకి నెలల కిందట ఎలా మొదలుపెట్టిందని నాకు తట్టలేదు. ఏడుపులో లెక్కలు రావు.

అన్నీ పైకి తెచ్చి సర్దాను. ఋషి విశ్వామిత్రుడు. పొట్టివాళ్ళు అడవిలో కట్టెలు కొట్టేవాళ్ళు. ఇంకో పెట్టెలో సింహాసనం మీద నల్ల బట్టల్లో ఒకాయన, కిరీటం ఉంది కానీ మొహం పుర్రె. చుట్టూ అస్థిపంజరాలు. ఇది యమధర్మరాజు కొలువు, వీళ్ళు పాపులు. ఎంత చక్కటి ఊహ! నాలుగో మెట్టు మొత్తం నరకానికి ఇచ్చేశాను. ఆఖరి పెట్టెలో ఎర్రటి పెద్ద పాము, పడగెత్తి ఉంది. ఆదిశేషుడు. స్వామి పటం వెనకాల నిలబెడితే ఎంత అందంగా ఉందో. రెక్కలెందుకున్నాయా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. ఈ దేశంలో మనుషులకే ఇన్ని సౌకర్యాలు, పాముకి ఉంటే తప్పేమిటని సరిపెట్టుకున్నాను.

మా ఆయన వచ్చి చూశారు. "సుభద్రా, ఇవి కొలువు బొమ్మల్లా లేవే."

"మీ ట్రోఫీ ఉందా కొలువు బొమ్మలా?" అన్నాను. ఆయన వెళ్ళి టీవీ పెట్టుకున్నారు.

తర్వాత అన్నిటికీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాను. యమధర్మరాజు పుర్రెకి కూడా. వాణి స్కూల్ నుంచి అటే మా బంధువులింటికి వెళ్ళి ఆ రాత్రి అక్కడే పడుకుంది కాబట్టి ఇదేమీ చూడలేదు.

శనివారం రెండింటికి తలుపు తీసుకుని వచ్చింది. వెనకాల నలుగురు మగపిల్లలు, పళ్ళకి తీగలు కట్టించుకున్న కెవిన్ ముందు. హాల్లోకి వచ్చి నిలబడిపోయింది.

"అమ్మా. వాట్ డిడ్ యూ డూ?"

"నువ్వు చేసిన బొమ్మలేనే. ఎంత బాగున్నాయో చూడు."

"అవి కొలువుకి కాదు. అవి నా గేమ్. అది ఆదిశేషుడు కాదు, అది డ్రాగన్. దానికి బొట్టు ఏంటి?"

అప్పుడు చెప్పింది. ఆ ఆటకి బోర్డు లేదు, ముక్కలు లేవు. ఒకళ్ళు కథ చెబుతారు, మిగతావాళ్ళు తలా ఒక వీరుడిగా ఉంటారు. ఏదైనా చేయాలంటే ఇరవై ముఖాల పాచిక వేస్తారు, అదే తేలుస్తుంది. కథ చెప్పేది మా వాణి. ఏడాదిగా చెబుతోంది. ఇవాళ ఆఖరి యుద్ధం, మా ఇంట్లో మొదటిసారి. నాకు చెప్పానంది. చెప్పే ఉంటుంది. నేనూ తల ఎత్తకుండా ఓకే అనే ఉంటాను.

"అయితే బొమ్మలు వచ్చేవారం తీసుకో. కొలువులో పెట్టాక దశమి దాకా కదపకూడదు."

వాణి నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది. "అమ్మా, ప్లీజ్. ఇవాళ జరక్కపోతే నెక్స్ట్ వీక్ నుంచి కెవిన్ వాళ్ళింట్లో, కెవినే చెబుతాడు కథ. వాళ్ళన్న గర్ల్స్‌ని రానివ్వడు. నాకు ఇంకెవరూ ఫ్రెండ్స్ లేరు." నా చెయ్యి వదల్లేదు. "డ్రాగన్ ఒక్కటి ఇవ్వు. వన్ అవర్."

గుమ్మం దగ్గర నిలబెట్టడమంటే ఏమిటో నాకు చెప్పాలా? కానీ ఇంకో గంటలో ఊళ్ళో ఆడవాళ్ళందరూ వస్తున్నారు. అందులో కామాక్షి గారు. ఎవరింట్లో ఏ పూజ జరిగినా ఏది తప్పో చెప్పడానికే పుట్టిన మనిషి. ఖాళీ మెట్లు చూపించి ఆవిడ చేత మాటలు పడనా?

"బొమ్మలు కదపడానికి వీల్లేదు" అన్నాను. "మీరే వచ్చి కొలువు ముందు కూర్చుని ఆడుకోండి."

కూర్చున్నారు. కార్పెట్ మీద బాసింపట్టు వేసుకుని, బుద్ధిగా. మెట్లన్నీ పర్వతం అంది వాణి. వీరులు ఒక్కో మెట్టే ఎక్కి పైన డ్రాగన్ దగ్గరికి వెళ్ళాలి. బొమ్మ కదపక్కర్లేదు, నోటితో చెబితే చాలట. నేను గారెలు పెట్టాను. ఆ పిల్లలు గారెలు తినడం చూస్తే వాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి వెలిగిస్తారా అనిపించింది.

మూడింటికి పేరంటాళ్ళు వచ్చారు. అమెరికన్ పిల్లలు కొలువు ముందు భక్తిగా కూర్చోవడం చూసి మురిసిపోయారు. కామాక్షి గారు మాత్రం కళ్ళజోడు సర్దుకుని నాలుగో మెట్టు దగ్గర ఆగారు.

"ఈయనెవరు సుభద్రా?"

"యమధర్మరాజండీ."

"ఇలా అయిపోయారేం?"

"ఇక్కడి చలి" అన్నాను. ఇంకేం చెప్పను?

ఆవిడ ఊరుకోలేదు. "ఈ పాచికల ఆట గురించి టీవీలో చెప్పారు. ఇది ఆడితే పిల్లలకి దెయ్యాలు పడతాయట."

"దెయ్యం పడితే నాకే పట్టాలండీ, నా ఇంట్లో ఇంకెవరికీ చోటు లేదు" అని హారతి పళ్ళెం అందుకున్నాను.

మంగళహారతి ఎత్తుకున్నాం. అందరూ నిలబడి పాడుతున్నారు. నా కళ్ళల్లో నీళ్ళు. దోసిట్లో శనగలు పోయించుకున్న పిల్ల ఇవాళ తన కొలువుకి తాను హారతి ఇస్తోంది. సరిగ్గా అప్పుడే కింద కార్పెట్ మీద పాచిక దొర్లింది. కెవిన్ లేచి గెంతాడు. నలుగురూ గెంతారు. "ఇట్స్ డెడ్! ఇట్స్ డెడ్!"

పాట ఆగిపోయింది. "ఏం చచ్చిందంటాడు?" అన్నారు కామాక్షి గారు.

మా వాణికి అబద్ధం చెప్పడం రాదు. దాన్ని అలా పెంచింది నేనే, నా ఖర్మ. "ఆంటీ, పైన ఉన్న పాము చచ్చిపోయింది" అని చక్కగా తెలుగులో చెప్పింది.

"ఆదిశేషుడా?" అన్నారు ఆవిడ. "హారతి వేళ, స్వామి వెనకాల?"

ఒకావిడ చెంగు సర్దుకుంది. ఇంకొకావిడ చెప్పుల వైపు చూసింది. తాంబూలాలు తీసుకోకుండా వెళ్ళిపోయేలా ఉన్నారు. నా మొదటి కొలువు, అందులో చావు. ఇక షామ్‌బర్గ్‌లో నా కొలువు గురించి ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు.

"వాణీ, దాన్ని బతికించు" అన్నాను.

"అలా కుదరదు అమ్మా. గేమ్‌కి రూల్స్ ఉంటాయి."

"చచ్చినవాళ్ళు లేచే రూలు లేదా?"

"ఉంది. కెవిన్ ప్రీస్ట్. వాడు ప్రే చేస్తే లేవచ్చు. కానీ వాళ్ళు ఏడాది కష్టపడి చంపారు."

"పూజారి ఉన్నాడా?" అన్నారు కామాక్షి గారు, హఠాత్తుగా ఆసక్తి పుట్టి. "మరి చేయించవేం?"

కెవిన్ చేతులు కట్టుకున్నాడు. నో వే, అన్నాడు. వాణి నన్ను చూసింది, వాళ్ళని చూసింది. నేను చెప్పినట్టు చేస్తే ఆట పాడైందని వాళ్ళు లేచి పోతారు. చేయకపోతే నా పరువు పోతుంది. దాని కళ్ళల్లో నీళ్ళు తిరగడం కనిపించింది. నోరు మూసుకుని ఊరుకుందాం, పోతే పోయింది కొలువు అనుకున్నాను, నిజంగా అనుకున్నాను.

ఇంతలో అది గొంతు మార్చి, ఇంగ్లీషులో కథ అందుకుంది. "డ్రాగన్ పడిపోయింది. పర్వతం కదిలింది. పర్వతానికి ఒక దేవత ఉంది, ఆ డ్రాగన్ ఆవిడది. చేతిలో నిప్పు పట్టుకుని మీ ముందుకొచ్చి నిలబడింది. ఆవిడకి చాలా కోపంగా ఉంది." అని నా వైపు వేలు చూపించింది.

నలుగురూ తలెత్తి నన్ను చూశారు. రూపాయంత బొట్టు, చేతిలో వెలుగుతున్న హారతి. నన్ను నటించమని ఎవరూ అనలేదు. నేను రెండింటి నుంచీ కోపంగానే ఉన్నాను.

కెవిన్ కట్టుకున్న చేతులు విప్పాడు. "డ్రాగన్‌ని బతికిస్తే దేవత మాకేమిస్తుంది?" అని వాణిని అడిగాడు.

బేరం అయితే నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. "గారెలు" అన్నాను. "బతకలేదో, గారెల్లేవు."

నలుగురూ తలకాయలు దగ్గర పెట్టి గుసగుసలాడారు. కెవిన్ ఎడమచేత్తో పాచిక తీశాడు. "కుడిచెయ్యి" అన్నారు కామాక్షి గారు. మార్చుకున్నాడు. "కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకో" అన్నారు. పెట్టుకున్నాడు. పేరంటాళ్ళందరూ కార్పెట్ మీదికి వంగారు. పాచిక దొర్లి దొర్లి కామాక్షి గారి పట్టుచీర కుచ్చెళ్ళ దగ్గర ఆగింది.

"నైంటీన్" అన్నారావిడ, కళ్ళజోడు ఎత్తి. "చాలునా?"

"చాలు ఆంటీ. లేచింది."

కామాక్షి గారు స్వయంగా డ్రాగన్ మీద అక్షింతలు వేశారు. తాంబూలం తీసుకున్నారు, శనగలు రెండోసారి అడిగి తీసుకున్నారు. వెళ్తూ, "ఆ పూజారి కుర్రాడికి ఇంకొంచెం శ్రద్ధ ఉండాలి" అన్నారు. అంటే మెచ్చుకున్నట్టే.

కెవిన్ కూడా బూట్లు వేసుకుంటూ వాణితో అన్నాడట, అలాంటి మలుపు తన బుర్రకి తట్టదని, కథ దాన్నే చెప్పమని, ఆట మా ఇంట్లోనే అని. గారెల ప్రస్తావన కూడా వచ్చిందట. డ్రాగన్ బొట్టు ఎంత కడిగినా పోలేదు. ఉండనీ అంది వాణి.

ఇక నిన్నటి సంగతి. దేవత కూడా ఆడాల్సిందేనని పిల్లలు పట్టుబట్టారు. సరేనని కూర్చున్నాను. నాకు గొడ్డలి పట్టిన ఒక పొట్టి గడ్డంవాణ్ణి ఇచ్చారు. వాణి కథ మొదలుపెట్టింది. గుహ ద్వారం దగ్గర తాటిచెట్టంత కాపలావాడు ఉన్నాడట. "ఎవరు నువ్వు? ఇక్కడ నీకేం పని?" అన్నాడట.

ఈ ప్రశ్న నన్ను రేషన్ షాపువాడు అడిగాడు, వీసా ఆఫీసులో అడిగారు, ఫ్యాక్టరీ గేటులో అడిగారు. ఎవరికి భయపడ్డాను? "నన్ను అడగడానికి నువ్వెవడివి? మీ సూపర్‌వైజర్‌ని పిలు" అన్నాను.

"అమ్మా, వాడు చాలా పెద్దవాడు. ఆలోచించుకో" అంది వాణి.

"పిలవమను" అన్నాను.

వాణి పాచిక వేసింది. నా తల మీద దుడ్డుకర్రతో ఒక్కటేశాడు. అంతే, పోయాను. మిగతావాళ్ళు ఇంకా గుహలో అడుగు కూడా పెట్టలేదు. రెండు దేశాల్లో ఇన్నేళ్ళు నెగ్గుకొచ్చిన మనిషిని, మొదటి గుమ్మం కూడా దాటలేదు.

"బతికించడానికి మన పూజారి ఉన్నాడుగా" అన్నాను కెవిన్ వైపు చూసి.

వాడు చేతులు కట్టుకున్నాడు. తీగలన్నీ కనబడేలా నవ్వి, "వాట్ డూ ఐ గెట్?" అన్నాడు.

ఏం చేయను. చచ్చినదాన్ని, లేచి వెళ్ళి మినప్పప్పు నానబోశాను.