నాన్న పాదం మీద కొత్త మాంసం

ఆ సోమవారం పొద్దున వరండాలో ఉన్నవాళ్లం: కుర్చీలో నాన్న, ఆయన కాలు పట్టుకుని అమ్మ, గడప మీద నాన్న అక్క, నేను. సామాను: కాచి చల్లార్చిన ఉప్పునీళ్లు, దూది, దవాఖానాలో ఇచ్చిన కట్టుగుడ్డ, అత్త చేతిలో మైలుతుత్తం పొట్లం.

నాన్న దర్జీ. మిషను తొక్కే కుడి పాదం మీద బొగ్గుల ఇస్త్రీపెట్టె పడింది. ఆయనకు షుగరు ఉంది, అందుకే పుండు మానడం లేదు. వారంలో అంచు దగ్గరపడకపోతే హైదరాబాదు పంపుతాననీ, అక్కడ పాదం తీసేయాల్సి రావచ్చనీ డాక్టరు చెప్పాడు. ఆ వారం అయిపోయింది.

కట్టు తడిపి విప్పాను. పుండు అడుగున దానిమ్మ గింజల్లాగా ఎర్రటి మాంసం లేచింది. దూది ఆనగానే రక్తం చెమర్చింది.

"దుర్మాంసం. జర గీ మైలుతుత్తం అద్దితె మాడిపోతది. మా ఇంటాయనకు గట్లనే చేసినం," అంది అత్త.

"బావ ఇప్పుడు యాడున్నడక్కా?" అన్నాడు నాన్న.

"పుండుతోని పోలేదు గద, ముసలితనంతోని పోయిండు."

అమ్మ నవ్వలేదు. "డాక్టర్ సాబ్ ఏమన్నడు బిడ్డా?"

గాయానికి చేరిన రక్తంలోంచి ఏవో పదార్థాలు వచ్చి మాంసాన్నీ చర్మాన్నీ పెరగమని పురికొల్పుతాయనీ, అవేమిటో అప్పటికింకా వెతుకుతున్నారనీ డాక్టరు చెప్పాడు. గింజకట్టిన ఎరుపు మంచిదేనట. కాని చర్మం మట్టం దాటి పైకి లేస్తే మాత్రం మాడ్చాలట.

దాటిందో లేదో కంటికి తెలియలేదు. స్టీలు స్కేలు నీళ్లలో మరగబెట్టి తెచ్చి, పుండుకు అటూ ఇటూ ఉన్న మంచి చర్మం మీద అడ్డంగా ఆనించాను. తల వంచి పక్కనుంచి చూశాను. స్కేలుకూ ఎర్ర మాంసానికీ మధ్య సన్నటి వెలుతురు గీత కనబడింది.

"మట్టం దాటలేదత్తమ్మా. పొట్లం లోపల పెట్టు."

"చెడిపోతె నన్ననొద్దు అల్లుడా," అంటూ అత్త పొట్లం కొంగున ముడేసుకుంది.

ఇక అంచు మిగిలింది. చుట్టూ లేత చర్మం పల్చగా, తెల్లగా లోపలికి వచ్చినట్టే ఉంది. అలా అనిపించడం చాలదు. నాన్న కళ్లు మూసుకున్నాడు. స్కేలు తగలనీయకుండా పుండు పొడవు కొలిచాను.

అంతకు ముందు సోమవారం యాభై ఎనిమిది మిల్లీమీటర్లు. ఆ రోజు యాభై ఒకటి.